బెండు మునిగే చోటు

రాజమండ్రిలో గాలం వేసేవాడికి సెలవురోజు పొద్దున్నే ఒకటే మీమాంస: మెట్టకా, పల్లానికా? ఊరికి ఉత్తరాన రాజానగరం, కోరుకొండ, గోకవరం దారుల్లో వాననీటి చెరువులు. దక్షిణాన ధవళేశ్వరం దాటి వేమగిరి, కడియం వైపు దిగితే కాలువనీటి చెరువులు. పడమట గుమ్మంలోనే గోదారి. ఇన్ని రకాల నీళ్ళు సైకిలు దూరంలో ఉండటం మా ఊరివాళ్ళ అదృష్టం. ఆ అదృష్టాన్ని పూర్తిగా వాడుకున్న తరం మా మావయ్యల తరం. నేను చెప్పేది 1970ల చివర, 80ల మొదట్లో సంగతి.

మా చిన్నమావయ్యది పేపరుమిల్లులో షిఫ్టుల ఉద్యోగం. రాత్రి షిఫ్టు దిగి, చద్దన్నం తిని, పడుకోవాల్సిన మనిషి గాలపుకర్ర సైకిలు కడ్డీకి కట్టుకుని బయల్దేరేవాడు. వెనక క్యారేజీ మీద నేను, నా చేతిలో తడిమట్టీ ఎర్రలూ ఉన్న డబ్బా. "ఏవండీ, ఆ నిద్రేదో ఇంట్లోనే పోవచ్చు కదా" అనేది అత్తయ్య. గట్టు మీద ఆయన నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటకొస్తే గాలం వేసి కూర్చున్న మనిషి అంత మెలకువగా ఇంకెక్కడా ఉండడు.

సరంజామా పెద్దగా ఉండేది కాదు. కర్రకి నాటువెదురు. ఏజెన్సీ వెదురు గోదారి మీద తెప్పలుగా దిగే ఊరు కాబట్టి కర్రకి కరువు లేదు, కాకపోతే కణుపులు దగ్గరగా ఉన్నది, కొస సన్నంగా ఉన్నది ఏరుకోవాలి. దాన్ని పొయ్యిసెగన కాచి వంకరలు తీసి, ఆముదం పట్టించి, వంటింటి చూరు కింద పెట్టేవారు. బెండుకి ఎండిన జీలుగు కాడ. కొందరు నెమలి ఈక మొదలు వాడేవారు గానీ అది చిన్నచేపలకే. సీసం దొరక్కపోతే ఇనప నట్టు. నైలాన్ దారం, గాలపు ముల్లు మాత్రం బజార్లో కొనాల్సిందే.

పులస గురించి ఇక్కడ రాయను. గోదారి జిల్లాలవాళ్ళు చేపల మాటెత్తితే చాలు, పుస్తెలు తాకట్టు పెట్టేదాకా వదలరు. వరద ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా వచ్చే ఆ చేప వలకి పడేది, గాలానికి కాదు. దాని మీద ఇప్పటికే రాయాల్సినదానికన్నా ఎక్కువే రాశారు. గాలపు మనిషికి కావలసిన చేపలు వేరు: కొర్రమేను, మట్టగిడస, జెల్ల, మార్పు, వాలుగ, బొమ్మిడాయి, గొరక, పరిగె. వీటిలో సగం ఇప్పటి పిల్లలకి చూపిస్తే పేరు చెప్పలేరు.

మావయ్య చెరువు దగ్గరికి వెళ్ళగానే గాలం విప్పేవాడు కాదు. సైకిలు స్టాండు వేసి, లంకపొగాకు చుట్ట ముట్టించి, గట్టు మీద ఒక చుట్టు తిరిగేవాడు. చుట్టపొగ ఎటు పోతోందో చూస్తే గాలి ఎటు తోస్తోందో తెలుస్తుంది. గాలి నీటిపై తేలే పురుగునీ, పువ్వునీ, నలుసునీ ఒక ఒడ్డుకి చేరుస్తుంది. ఆ ఒడ్డునే పరిగెలు మూగుతాయి, పరిగెల వెనక వాటిని తినేవి వస్తాయి. ఎండ వీపున పడేటట్టు కూర్చోకూడదు, నీడ నీటి మీద పడిందంటే ఒడ్డునున్న చేప లోతుకి పోతుంది. గట్టు మీద దబదబా నడవకూడదు. మాట్లాడితే ఫరవాలేదు గానీ కాలు నేలకేసి కొట్టకూడదని ఆయన నమ్మకం. నేను మాట్లాడకుండా ఉండలేని పిల్లాణ్ణి కాబట్టి ఆ నమ్మకం నాకు బాగా కలిసొచ్చింది.

పల్లపు చెరువుకి ఓ స్థిరమైన స్వరూపం ఉంటుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచీ డెల్టా ఊళ్ళ చెరువులు వానకోసం ఎదురుచూడటం మానేశాయి. కాలువ నుంచి బోదె, బోదె నుంచి తూము, తూము నుంచి చెరువు. కాబట్టి చోట్లు కూడా తాతలనాటి నుంచీ అవే. మొదటిది తూము. కొత్తనీరు దూకేచోట గాలి కలుస్తుంది, కాలువలోంచి కొట్టుకొచ్చిన చిన్నచేప తేరుకోకముందే పెద్దచేప నోట పడుతుంది. తూము ఎత్తిన రోజు వాలుగ అక్కడే కాసుకుని ఉంటుంది, దానికి బతికున్న పరిగె ఎర. తూము దించేసిన మర్నాడు అదే చోట పొద్దల్లా కూర్చున్నా బెండు కదలదు.

రెండోది రేవు. చోటుతో పాటు వేళ కూడా తెలియాలనడానికి రేవుని మించిన ఉదాహరణ లేదు. బియ్యం కడిగిన కుడితి, గిన్నెలు తోమిన మెతుకులు, కూరల తొక్కలు రోజూ ఒకే వేళకి నీళ్ళలో పడుతుంటే చేపకి ఆ వేళ అలవాటవుతుంది. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని వెళ్ళిపోయి, రేవుమెట్ల దగ్గర నీళ్ళు తేరుకున్నాక అరగంట బంగారం. ముందే వెళ్ళి కూర్చుంటే మర్యాద కాదు, అక్షింతలు పడతాయి: "ఏరా అబ్బాయ్, మేం నీళ్ళు ముంచుకునే దగ్గరే దొరికిందా నీకు చోటు?" ఆలస్యంగా వెళితే మెతుకులు అయిపోతాయి, చేపలూ పోతాయి. రేవులో ఎర్ర పనికిరాదు. అన్నం మెతుకులో, తవుడు కలిపిన గోధుమపిండి ముద్దో కావాలి. అక్కడి చేపకి తెలిసిన తిండి అదే మరి.

పశువుల రేవుది ఇంకో పద్ధతి. గేదెలు దిగి అడుగు కలియబెడితే బురదలోని పురుగు పైకొస్తుంది. నీళ్ళు బురదగా ఉండగానే జెల్లలూ మార్పులూ పడతాయి. అవి కంటితో కాదు, మీసాలతో వెతుక్కునే చేపలు. జెల్లని ముల్లు మీంచి తప్పించడం చిన్నపిల్లలకి ఒప్పజెప్పేవారు కాదు. రెండు పక్కలా, వీపునా ఉన్న ముళ్ళు గుచ్చుకుంటే చెయ్యి పొద్దుటిదాకా సలుపుతుంది. ఇంగిలాయి అయితే చెప్పనే అక్కర్లేదు, కుట్టిందంటే పెద్ద మగవాడు కూడా గట్టు మీద కూలబడిపోతాడు.

ఇక కొర్రమేను. దాని కోసం తిరిగేవాళ్ళు మిగతా చేపల్ని చేపలుగా లెక్కపెట్టరు. కలువాకుల అంచున, గుర్రపుడెక్క మధ్య దోసెడు ఖాళీ నీరున్న చోట, తూటికాడల కింద అది కదలకుండా ఉంటుంది. నీటిలో గాలి చాలకపోయినా దానికి బెంగలేదు. మధ్యమధ్య పైకొచ్చి గుటుక్కున గాలి మింగి పోతుంది. ఆ గుటుకు చప్పుడు విని, మళ్ళీ ఎంతసేపటికి వస్తుందో చూసి, రెండు చప్పుళ్ళ మధ్య దూరాన్ని బట్టి అది ఎటు నడుస్తోందో కనిపెట్టి, దాని దారిలో బుల్లి కప్పని జారవిడిచేవాడు మావయ్య. బెండు లేకుండా, సీసం లేకుండా, ఉత్త దారంతో. వేసవి చివర్లో, తొలకరిలో నీటి మీద ఎర్రటి పిల్లలగుంపు ఒకటి అటూ ఇటూ కదులుతూ కనిపిస్తుంది. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ గాలం వేయకూడదని మావయ్య పట్టుదల, కాపలా పోతే ఆ పిల్లల్ని పరిగెలే తినేస్తాయి. అందరికీ అంత పట్టుదల లేదని కూడా ఒప్పుకోవాలి. పిల్లలున్నప్పుడే అది కసిగా ఎరని కొడుతుంది కనుక అదే అదను అనుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు.

నీళ్ళు చూడ్డం వచ్చిన మనిషికి బుడగలు కూడా కబురు చెబుతాయి. సన్నటి బుడగలు వరసగా నడుస్తూ పోతుంటే అడుగున ఎర్రమోసు మట్టి తవ్వుతోందని. ఒకేచోట పెద్దబుడగ లేచి ఆగిపోతే ఏమీ లేదు, కుళ్ళిన ఆకు. బెండు అయితే మరీను. తడబడుతూ వణికితే పరిగెలు ఎర కొరుకుతున్నాయి, కర్ర ఎత్తకూడదు. ఏటవాలుగా, తొందరేమీ లేదన్నట్టు మునిగితే జెల్ల. నిలబడ్డ బెండు ఉన్నట్టుండి పడుకుంటే అడుగున ఎరని నోట కరిచి పైకి లేచిన చేప, అప్పుడే లాగాలి. చెప్పాపెట్టకుండా మాయమైపోతే కర్ర రెండు చేతులా పట్టుకోవాలి.

చోటు తెలిసినవాడు ఇంకొకడికి చెప్పేవాడు కాదు. "ఏమన్నా తగిలాయా అన్నయ్యా?" అని అడిగితే "ఏవుందీ, పిల్లికూడు" అని ఒకటే జవాబు, సంచిలో శేరుడు జెల్లలున్నా సరే. కొత్తవాడు గట్టెక్కుతున్నాడంటే మావయ్య కర్ర తీసేసి, ఏమీ పడని మూలకి పోయి శ్రద్ధగా కూర్చునేవాడు. వాడూ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ గంటసేపు ఏమీ పడని నీళ్ళకేసి చూసి, వాడు విసుగెత్తి లేచి వెళ్ళాక ఈయన మళ్ళీ పాతచోటుకి. ఇది అబద్ధం కిందికి రాదని ఆయన వాదన, తను నోరు విప్పి ఏమీ చెప్పలేదు కాబట్టి.

మెట్టచెరువుల తీరే వేరు. అక్కడ కాలువ లేదు, వానే. నిండిన ఏడాది అలుగు పారుతుంది, పారేచోట చేపలు ఎగురుతుంటే జనం ఊతలతో, గోనెపట్టాలతో దిగుతారు. వానల్లేని ఏడాది మాఘమాసానికే అడుగు కనిపిస్తుంది. నీటి అంచు నెలనెలా జరిగిపోతుంది కనుక పల్లంలోలా "ఇదీ చోటు" అని వేలు పెట్టి చూపించడానికి లేదు. అందుకని ఆ చెరువుల్ని మావయ్య ఎండాకాలంలో చదివేవాడు. మేనెల ఎండలో ఎండిన చెరువులో దిగి నడిచేవాళ్ళం. రైతులు చేలకి చెరువుమట్టి తోలుకున్న గోతులు, ఇటుకలవాళ్ళు తవ్విన పల్లాలు, నరికేసిన తుమ్మమోళ్ళు, తూముదాకా పోయే పాతవాగు జాడ. ఒడ్డున ఉన్న ఏ తాటిచెట్టుకి సూటిగా ఎన్ని అడుగుల్లో ఏ గొయ్యి ఉందో ఆయన గుర్తుపెట్టుకునేవాడు. కార్తీకంలో చెరువు నిండుగా ఉన్నప్పుడు అదే తాటిచెట్టు కింద నిలబడి, ఎవరికీ కనపడని ఆ గోతిలోకి సరిగ్గా గాలం వేసేవాడు. పక్కవాళ్ళు దాన్ని చేతివాటం అనుకునేవారు, మంత్రం అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎండలో తిరిగిన తిరుగుడు వాళ్ళకేం తెలుసు?

తొలకరికి ఆ మెట్టలోనే ఇంకో తమాషా. మొదటి పెద్దవానకి వాగునీరు చెరువులోకి దిగుతుంటే, చెరువులో చేప వాగులోకి ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టడానికి పల్చటి నీరు వెతుక్కుంటూ పొలాల్లోకి కూడా పోతుంది. గొరకలు తడిగడ్డిలో మొప్పల మీద పాక్కుంటూ గట్లు దాటడం నేను చూశాను. ఆ రాత్రి గాలంతో పని లేదు. బోదెల్లో మేదరివాళ్ళు అల్లిన మావులు పెట్టి, తెల్లవారుజామున ఎత్తుకోవడమే.

పల్లంలో ఇలాంటి పండగ కాలువలు కట్టేసినప్పుడు వచ్చేది. దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం ధవళేశ్వరంలో కాలువలకి నీరు ఆపేస్తారు. కాకినాడ వైపు పోయే కాలువ నాలుగు రోజుల్లో పాయలు పాయలుగా చిక్కిపోయి, వంతెనల కిందా లాకుల కిందా గుంటలుగా మిగిలేది. నీటి దెబ్బకి లోతుపడ్డ ఆ గుంటల్లోకి కాలువలో చేపంతా చేరేది. పెద్దలు విసురువలలు, పిల్లలు ఉత్తచేతులు. గాలంవాళ్ళు మాత్రం ఆ రోజుల్లో దూరంగా నిలబడి చూసేవారు, చేతికందే చేపని పట్టడంలో వాళ్ళకి గొప్ప కనిపించదు. కానీ ఏ గుంట ఎంత లోతుందో కళ్ళతో కొలుచుకుని వెళ్ళేవారు, జూన్‌లో నీరు వదిలాక అవసరం పడుతుందని.

గోదారిలో చోటు చూడటం మాత్రం అందరి వల్లా కాదు. 1900లో కట్టిన హేవలాక్ వంతెన స్తంభాల చుట్టూ నీరు సుడి తిరిగి ఇసుకని తవ్వి గుండాలు చేసేది. నీరు తగ్గిన మాఘ ఫాల్గుణాల్లో వాటి అంచున వాలుగలు పడేవి. కానీ ఏటి ఇసుక ఏడాదికోసారి చోటు మారుస్తుంది. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. అది తీసేశాక పాత గుండం ఒక్కటి లేదు. మావయ్య రేవులో నిలబడి, "అంతా మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకోవాల్రా" అన్నాడు. ఆ గొంతులో దిగులు వెతికాను, లేదు. పైగా ఉత్సాహం.

ఇదంతా ఎప్పుడు పోయిందని ఒక తేదీ చెప్పలేం. ముందు పొలాలు పోయాయి. కొత్త వరి వంగడాలతో పాటు ఎండ్రిన్ వచ్చింది, పురుగు కోసం కొట్టిన మందు బోదెల్లోకి దిగి మట్టగిడసల్నీ గొరకల్నీ తెల్లగా తేల్చింది. తరవాత చెరువులు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించి చూపించారు. అంతకుముందు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్ల కావాలంటే వరదలో నదుల్లో వడకట్టుకోవాల్సిందే. ఆ తరవాత చేపపిల్ల కుండల్లో, సంచుల్లో ఊరూరికీ వచ్చింది. ఆ పరిశోధనని తప్పుపట్టను, అది కోట్లమందికి తిండి పెట్టింది. కానీ చెరువులో పిల్ల వదిలితే అది ఆస్తి అవుతుంది. పంచాయతీలు చెరువుల్ని పాట పెట్టాయి. పాటదారుడు కాపలా పెట్టాడు. గట్టు మీద గాలంతో కనిపించినవాడు అప్పటిదాకా పనీపాటా లేనివాడు, అక్కడి నుంచి దొంగ.

దానికన్నా పెద్ద మార్పు నీటికింద జరిగింది. చేపపిల్ల వదిలేముందు చెరువులో ఇప్పచెక్క చల్లుతారు. అది ఉన్న చేపనంతా చంపి, తరవాత ఎరువుగా మారుతుంది. అలా చంపేవాటికి కలుపుచేపలని పేరు పెట్టారు. మావయ్య ఏ చేపల కోసం చుట్టలు కాలుస్తూ గట్లు తిరిగాడో, ఆ కొర్రమేను, వాలుగ, మార్పు ఆ జాబితాలో ముందుంటాయి, పెంచే పిల్లల్ని తింటాయి కాబట్టి. కాలువలోంచి మళ్ళీ రాకుండా తూముకి వల బిగించారు. తూము దగ్గర చోటు అలా పోయింది. కుళాయిలొచ్చి రేవు ఖాళీ అయింది, రేవు దగ్గర చోటు అలా పోయింది. గేదెలు తగ్గి పశువుల రేవూ పోయింది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, మనవాళ్ళు జిలేబీ అనే చేప, మిగిలిన ప్రతి గుంటనీ ఆక్రమించింది. దానికి చోటు చూడక్కర్లేదు, ఎక్కడ వేస్తే అక్కడే పడుతుంది. గాలం నేర్చుకునే పిల్లాడికి దాన్ని మించిన కీడు లేదంటాను.

ఇప్పుడు కడియం దారిలో వెళితే చేపల చెరువులు నలుచదరంగా, గట్టుకి గట్టు ఆనించి ఉంటాయి. లోతు అంతా ఒకటే, నీడ లేదు, కలువాకు లేదు. మేత సంచుల్ని తాళ్ళకి కట్టి వేలాడదీస్తారు, చేపలు ఆ సంచుల దగ్గరికే వస్తాయి. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఇక్కడి బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కలకత్తాకీ అస్సాంకీ పోతాయి. చేపలు తగ్గాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మా చిన్నప్పుడు ఇన్ని చేపల్లేవు. తగ్గింది నీళ్ళకేసి చూసేవాళ్ళు. రాజమండ్రి నడిబొడ్డున కంభాల చెరువు చుట్టూ ఇప్పుడు పార్కు, పొద్దున్నే వందలమంది నడుస్తారు. అందులో గాలి ఎటు తోస్తోందో చూసే కన్ను ఒక్కటీ నాకు కనపడలేదు. విచిత్రం ఏమిటంటే, కలుపు అని చంపిన కొర్రమేనుని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది, బజార్లో దాని ధర బొచ్చెకి ఎన్నో రెట్లు, దాన్నీ ఇప్పుడు తొట్లలో మేపుతున్నారు.

మావయ్య పోయాడు. ఆయన తాటిచెట్ల గుర్తులు ఎక్కడా రాసిపెట్టలేదు, రాసినా ఆ గోతులు పూడిపోయి ఉంటాయి. పాతరోజులు తిరిగి రావాలని కోరుకోవడం దండగ. ఎండ్రిన్ తేల్చిన చేపల్ని కూడా ఆ పాతరోజులే చూశాయి.

కానీ ఒక చిన్నపని చేయవచ్చు. డెల్టాలో ఇంకా ఏటా పంచాయతీ చెరువుల పాట జరుగుతుంది, పాట కాగితంలో షరతులు రాస్తారు. సర్పంచులకీ వార్డు మెంబర్లకీ నా మనవి: ఆ షరతుల్లో ఇంకొక్కటి కలపండి. ఒక రేవు, ఒక్కటే, గాలం వేసేవాళ్ళకి వదలాలని, ఆ పక్క నాలుగు కలువదుబ్బులు పీకకూడదని రాయండి. ఒక కర్రా ఒక ముల్లూ తీసుకెళ్ళే చేపతో పాటదారుడికి నష్టం రాదు. మీ ఊళ్ళో చోట్లు తెలిసిన ముసలాయన ఇంకా ఉంటే, ఈ వేసవిలో కాలువ కట్టేసినప్పుడు మీ పిల్లల్ని ఆయన వెంట కాలువలోకి దింపండి.